వ్యూఫైండర్లో నలుసు

ప్రశ్న: పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. నా డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్లో నల్ల చుక్కలు కనిపిస్తుంటే లెన్సు తీసి, లోపల పైనున్న గాజును మెత్తటి ఖద్దరు గుడ్డతో తుడిచాను. చుక్కలు పోలేదు సరికదా, గీతలు పడ్డాయి. కొత్తది తెప్పించి నేనే వేసుకోవచ్చా? శ్రీకాకుళంలో ఒక షాపువాళ్లు కెమెరాను మెమరీ కార్డుతో సహా ఇచ్చి వెళ్లమంటున్నారు.
- ఒక పాఠకుడు, పొందూరు

జవాబు: వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వడికిన నూలు మీ ఊరిది. దాని మెత్తదనానికి వంక పెట్టను. కానీ మీరు తుడిచింది గాజు కాదండీ, ప్లాస్టిక్ ఫోకసింగ్ స్క్రీన్. అంటే లెన్సు వెనకున్న అద్దం పైకి పంపే బొమ్మ పడే తెర. ఒకవైపు సన్నటి గరుకు, రెండోవైపు వలయాల్లా గాట్లు. గుడ్డ తగిలితే దుమ్ము వాటిలో ఇరుక్కుంటుంది, దుమ్ములోని ఇసుక రేణువు గీత పెడుతుంది. ఈ నెలలో ఇలాంటి మెయిలు ఇది మూడోది. ఒకాయనైతే స్పిరిట్ కూడా పూశాడు!

ఇంతా చేస్తే ఆ చుక్కలు ఫొటోలో పడనే పడవు. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి వెలుగు నేరుగా సెన్సర్ మీదికి పోతుంది. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16కి సన్నం చేసి తెల్లగోడను ఫొటో తీయండి. మచ్చ కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము.

స్క్రీన్ మార్చుకునే వీలున్న మోడలైతే మీరే వేసుకోవచ్చు. కెమెరా నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదకండి. ట్వీజర్‌తో క్లిప్పు వదులు చేస్తే ఫ్రేము కిందికి వాలుతుంది. స్క్రీన్‌ను అంచున ఉన్న చెవి దగ్గరే పట్టుకోవాలి. దాంతోపాటు వెంట్రుకంత పల్చటి రేకు ఊడివస్తే పారేయకండి, దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. అది లేకపోతే చేత్తో ఫోకస్ చేసినప్పుడు వ్యూఫైండర్లో పదునుగా కనిపించిన పెళ్లికూతురి ముఖం ఫొటోలో మసకబారుతుంది. ఆటోఫోకస్‌కి మాత్రం ఢోకా లేదు, దాని సెన్సర్ అద్దం కింద వేరే ఉంటుంది. మధ్యలో బొమ్మ రెండుగా చీలి కనిపించే రకం స్క్రీన్ మీద మోజు పడకండి. వెలుగు తక్కువ రానిచ్చే ఎఫ్/5.6 లెన్సు పెడితే అందులో సగం నల్లబడిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ చివరి వాక్యం. స్క్రీన్ మార్చడానికి కార్డెందుకు? ఒకసారి నేనూ అలాగే కార్డుతో సహా కెమెరా ఇచ్చేశాను. తిరిగొచ్చాక చూస్తే నా ఫొటోల వెనకే ఎవరి పాపదో పుట్టినరోజు! నా కార్డు ఎవరి కెమెరాలోకి వెళ్లొచ్చిందో, అందులోంచి ఏం ఎక్కించుకున్నారో నేటికీ తెలీదు. మీ కార్డులో ఉన్నవి ఊళ్లోవాళ్ల ఆడపిల్లల ఫొటోలు. ఫార్మాట్ కొట్టి ఇస్తానంటారేమో, కెమెరాలో మామూలు ఫార్మాట్‌తో చెరిగేది జాబితాయే. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు వెనక్కి తెచ్చేయొచ్చు. వైఫై ఉన్న కెమెరాలో మీ ఫోను పేరు, వైఫై పాస్‌వర్డు కూడా దాగి ఉంటాయి. వాటిని చెరిపే మీటను ఏ మెనూ అడుగునో పాతిపెట్టే తయారీదారులకో దండం! వెతికి రీసెట్ చేయండి, కార్డు జేబులో వేసుకోండి, ఆ తర్వాతే కెమెరా ఇవ్వండి.

మాఘమాసం పెళ్లిళ్లు ముందున్నాయంటే స్క్రీన్ జోలికే పోకండి. ఆ గీతలు కనిపించేది మీ ఒక్కరి కంటికే.