జపాన్ బ్రాండ్, థాయ్‌లాండ్ తయారీ, దుబాయ్ ఇన్వాయిస్: కస్టమ్స్‌కి ఏ దేశం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. దుబాయ్ ట్రేడర్ దగ్గర జపాన్ కంపెనీ పేరున్న బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, బేరింగులు కొంటున్నారు. ఇన్వాయిస్ అడుగున అతను అన్నింటికీ కలిపి ‘ఒరిజిన్ జపాన్’ అని రాసిచ్చాడు. శాంపిల్ డబ్బా మీదేమో థాయ్‌లాండ్ అని ఉంది. సరుకు ఎక్కేది దుబాయ్ రేవు జెబెల్ అలీలో. బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతికి కస్టమ్స్‌కిచ్చే డిక్లరేషన్‌లో, ఏ దేశం రాయాలి?

థాయ్‌లాండ్. డబ్బా మీద ఉన్నది నిజమైతే. ఆ ‘నిజమైతే’ దగ్గరే పనంతా ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నాది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. ఏళ్ల తరబడి ముంబై, ఢిల్లీ ఇంపోర్టర్ల దగ్గర కొని అమ్మాను. 2021లో నేనే తెప్పిస్తే పోలా అనిపించింది. మీలాగే దుబాయ్, మీలాగే జపాన్ బ్రాండు. మొత్తం 41 పార్ట్ నంబర్లు. ఇన్వాయిస్‌లో జపాన్ అని ఉంటే మా కస్టమ్స్ బ్రోకర్ కుర్రాడు 41 లైన్లకీ జపాన్ కొట్టేశాడు. నేనూ చూసి సరే అన్నాను.

చెన్నైలో సరుకు ఎగ్జామినేషన్‌కి పడింది. ఆఫీసరు ముందు ఒక ఆయిల్ ఫిల్టర్ డబ్బా తీశారు. డబ్బా మీద థాయ్‌లాండ్. తర్వాత ఒక బేరింగ్ తీసి, చుట్టిన నూనె కాగితం విప్పి, సెల్‌ఫోన్ లైటు కింద రింగు అంచుని మెల్లగా తిప్పారు. సన్నటి చెక్కుడు అక్షరాల్లో చైనా. “ఇది కూడా జపానేనా?” అన్నారు. నోట మాట రాలేదు. అన్నీ విప్పి లెక్కేస్తే జపాన్‌లో తయారైనవి తొమ్మిదే.

విచిత్రం ఏంటంటే, ఆ సరుకు మీద డ్యూటీలో రూపాయి తేడా రాలేదు. నేను ఏ వాణిజ్య ఒప్పందం కిందా రాయితీ అడగలేదు, మామూలు రేటుకి జపాన్ అయినా చైనా అయినా ఒకటే. అయినా తప్పు డిక్లరేషన్ తప్పు డిక్లరేషనే. కస్టమ్స్ చట్టం 111(ఎం) సెక్షన్ కింద ఆ కారణంతో సరుకు జప్తు చేయొచ్చు. బిల్లు సవరించుకుని, పెనాల్టీ కట్టి బయటపడే సరికి 11 రోజులు. పెనాల్టీ కన్నా డెమరేజ్ (సరుకు రేవులో ఉండిపోయినందుకు కట్టే అద్దె) ఎక్కువైంది. ఇంట్లో ఆ అంకె ఇప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నవి చెప్తాను. బ్రాండ్ ఏ దేశానిదో, ఇన్వాయిస్ ఎవరిదో, ఓడ ఎక్కడ ఎక్కిందో, వీటిలో ఏదీ ఒరిజిన్ కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీలో సరుకు పంపిన దేశానికి వేరే గడి ఉంటుంది, దుబాయ్ అక్కడికి పోతుంది. ఒరిజిన్ అంటే ఆ వస్తువు ఆ వస్తువుగా తయారైన చోటు. రెండు మూడు దేశాల సామాను కలిస్తే, ముడి సరుకు రూపం మారి కొత్త వస్తువుగా నిలబడిన చివరి చోటు చూస్తారు. దుబాయ్‌లో డబ్బా మార్చి స్టిక్కర్ వేస్తే అది దుబాయ్ సరుకు అయిపోదు.

బార్‌కోడ్‌ని కూడా నమ్మకండి. మొదటి మూడంకెలు 890 ఉంటే ఇండియాలో తయారైందని మా వీధిలో సగం మంది అనుకుంటారు. ఆ కోడ్ ఏ దేశపు సంస్థ దగ్గర తీసుకున్నారో మాత్రమే అది చెప్తుంది, ఫ్యాక్టరీ ఎక్కడుందో చెప్పదు. కారు ఛాసిస్ నంబర్ ‘జె’తో మొదలైతే జపాన్ కారు. నిజమే, కానీ ఆ కారుకి వేసే ప్యాడ్ ఎక్కడ తయారైందో దానికేం తెలుసు?

ఇప్పుడు నేను లోడింగ్‌కి ముందే ప్రతి పార్ట్ నంబర్‌కీ రెండు ఫొటోలు తెప్పించుకుంటాను. ఒకటి డబ్బా లేబుల్, రెండోది వస్తువు మీదే ఉన్న ముద్ర: బేరింగ్‌కి రింగు అంచు, ప్యాడ్‌కి వెనక ఇనుప ప్లేటు, ఫిల్టర్‌కి అడుగు. రెండూ కలవకపోతే ఆ రకం పక్కన పెట్టమంటాను. మొదట్లో సప్లయర్ “బ్రాండ్ జపానే కదా భాయ్” అని విసుక్కునేవాడు. ప్యాకింగ్ లిస్టులో లైన్ వారీగా దేశం రాస్తేనే బ్యాలెన్స్ డబ్బు పంపుతానన్నాక దారికొచ్చాడు. ఒక్కోసారి ఒకే పార్ట్ నంబర్ రెండు ఫ్యాక్టరీల నుంచి వచ్చి ఒకే కార్టన్‌లో కలిసి ఉంటుంది. అప్పుడు 200 పీసుల్ని 120, 80గా విడగొట్టి రెండు లైన్లు వేయించండి. బ్రోకర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

ఇక డ్యూటీ రాయితీ. మీ అసలు ఆశ అక్కడుందని నా అనుమానం. కస్టమ్స్ టారిఫ్ కోడ్‌లలో 8708 హెడింగ్‌లో వచ్చే కారు భాగాలకి బేసిక్ డ్యూటీ 15 శాతం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జ్. లక్ష రూపాయల సరుకుకి 16,500. పైన వేసే 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, ఈ 16,500 మాత్రం రాదు. థాయ్‌లాండ్ లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకున్న ఒప్పందంలో మీ వస్తువుకి సున్నా రేటు ఉంటే ఇది మొత్తం మిగులుతుంది. అన్ని వస్తువులకీ ఉండదు, ముందు ఆ రేట్లున్న కస్టమ్స్ నోటిఫికేషన్‌లో మీ వస్తువు కోడ్ చూసుకోండి.

కానీ దుబాయ్ గోదాములో ఉన్న థాయ్ సరుకుకి ఆ రాయితీ రాదు. తయారైన దేశం నుంచి ఇక్కడికి నేరుగా రావాలన్నది షరతు. దారిలో ఓడ మారొచ్చు, కానీ మధ్యలో ఇంకో దేశం మార్కెట్లోకి వెళ్లి వచ్చిన సరుకు చెల్లదు. ఇన్వాయిస్ మాత్రం దుబాయ్‌ది కావచ్చు: సరుకు థాయ్ రేవు లేమ్ చబాంగ్‌లో ఎక్కి నేరుగా చెన్నైకి వస్తూ, థాయ్ ప్రభుత్వం ఇచ్చే ఫారం ఏఐ సర్టిఫికెట్‌లో మూడో దేశం ఇన్వాయిస్ అని టిక్ పెట్టి ఉంటే. దుబాయ్ ఛాంబర్ (అక్కడి వర్తక మండలి) సర్టిఫికెట్ ఇస్తానంటాడు మీ ట్రేడర్. అది సరుకు ఎక్కడిదో చెప్పే కాగితం, డ్యూటీ తగ్గించే కాగితం కాదు. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న యూఏఈ ఒప్పందం కూడా అక్కడ తయారైన వాటికే.

సర్టిఫికెట్ ఉన్నా కథ అయిపోదు. 2020 సెప్టెంబర్ 21 నుంచి కెరోటార్ రూల్స్ వచ్చాయి, ఒప్పందాల కింద రాయితీ అడిగేవాళ్లు ఒరిజిన్ ఎలా చూపించాలో చెప్పే నిబంధనలు. వస్తువు ఎలా తయారైంది, ఏ అర్హత కింద ఆ దేశానిదైంది అన్న వివరాలు ఫారం-1లో ఇంపోర్టర్ దగ్గర ముందే ఉండాలి, అయిదేళ్లు దాచాలి. ఆఫీసరు అడిగితే 10 పని దినాల్లో ఇవ్వాలి. ఆసియాన్‌లో మామూలు షరతు రెండు ముక్కలు: ఎఫ్ఓబీ ధరలో (ఓడ ఎక్కించే వరకు అయ్యే ధర) కనీసం 35 శాతం విలువ ఆసియాన్, ఇండియాలదై ఉండాలి, బయటి నుంచి తెచ్చిన సామాను ఆరంకెల కోడ్, తయారైన వస్తువు కోడ్ వేరై ఉండాలి. 35 శాతం చాలామంది దాటేస్తారు. కారు భాగాలకి చిక్కంతా రెండోదానితోనే. 8708 30 అంటే బ్రేకులు, వాటి భాగాలు. చైనా నుంచి బ్యాకింగ్ ప్లేటు తెచ్చి థాయ్‌లాండ్‌లో ప్యాడ్ చేశారనుకోండి, ప్లేటూ ప్యాడూ రెండూ అదే 8708 30లోకి వచ్చే అవకాశం ఉంది. అప్పుడు కోడ్ మారినట్టే కాదు. కాబట్టి “ప్లేటు ఎక్కడిది, ఏ కోడ్‌లో తెచ్చారు” అని తయారీదారుని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే నేనైతే రాయితీ అడగను, 15 శాతం కట్టేసి నిద్రపోతాను.

అల్లాయ్ వీల్స్ లాంటివి కూడా తెప్పించే ఆలోచన ఉంటే యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చవగ్గా వచ్చి పడే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం) విడిగా చూసుకోండి. వాటి మీద చైనా, కొరియా, థాయ్‌లాండ్ పేర్లతో ఒకప్పుడు వేశారు. ఆ నోటిఫికేషన్ పట్టికల్లో తయారైన దేశానికి ఒక కాలమ్, ఎగుమతి చేసిన దేశానికి ఒక కాలమ్ ఉంటాయి, రెండూ చదవాలి.

ఒకే రకం సరుకు పదే పదే తెప్పించబోతుంటే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి (దిగుమతికి ముందే ఇలాంటి ప్రశ్నలకి తీర్పు ఇచ్చే సంస్థ) అప్లై చేసి ఒరిజిన్ తేల్చుకోవచ్చు, ముంబైలో, ఢిల్లీలో ఉన్నాయి. మీ మొదటి చిన్న లాట్‌కి మాత్రం అంత అక్కర్లేదు. ముందు ఆ ట్రేడర్‌కి ఫోన్ చేసి, బేరింగ్ రింగు ఫొటో దగ్గర నుంచి తీసి పంపమనండి. ఫొటో వస్తే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.