రెండో కేసు ఎవరి కోసం?

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. "యావజ్జీవం పడి జైల్లో ఉన్నవాడి మీద మళ్లీ కేసెందుకు, చచ్చిన పామును ఎన్నిసార్లు కొడతారు?" అని మొదలుపెట్టావు. మాట బాగానే పేలింది గానీ వ్యాసం పక్కదారి పట్టింది కూడా అక్కడే. వాడు ఇంకెన్నేళ్లు లోపలుంటాడన్న లెక్క ఒక్కటే వేశావు. రెండో కేసులోని బాధితురాలి దగ్గర నిలబడి చూడు. మొదటి తీర్పు రెండు వందల పేజీలున్నా అందులో ఆమె ఊసే ఉండదు.

ముందు శిక్ష సంగతి సరిచెయ్యి. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 467వ సెక్షన్‌లో (పాత చట్టం సీఆర్‌పీసీలో 427) రెండు ముక్కలున్నాయి, నువ్వు రెంటినీ కలిపేశావు. ఏడేళ్లో పదేళ్లో అనుభవిస్తున్నవాడికి ఇంకో కేసులో జైలు పడితే, మొదటిది పూర్తయ్యాకే రెండోది మొదలవుతుంది. రెండూ ఏకకాలంలో నడవాలంటే జడ్జి ఆదేశం ఉండాలి. యావజ్జీవ ఖైదీకైతే కొత్త శిక్ష దానితోపాటే నడిచిపోతుంది. అందుకే తీర్పు చేతికి రాగానే చివరి పేజీ తిప్పు. "ఏకకాలంలో" అన్న మాట ఉందా లేదా అన్నదే ఒక్కోసారి అసలు వార్త.

మరి యావజ్జీవం మీద యావజ్జీవం దండగేనా? 2016లో ముత్తురామలింగం కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మనిషికి ఉన్నది ఒకటే జీవితం కనుక యావజ్జీవాలు ఒకదాని తర్వాత ఒకటి నడవవని చెప్పింది. ఆ మాట దగ్గరే ఆగిపోకు. అదే తీర్పులో ఇంకొకటుంది: ఒక శిక్షకు క్షమాభిక్ష దొరికినంత మాత్రాన రెండోది తొలగిపోదు. పై కోర్టు మొదటి కేసు కొట్టేసిన రోజున, లేదా ప్రభుత్వం సత్ప్రవర్తన ఖైదీల విడుదల జాబితా రాసే రోజున ఆ రెండో తీర్పు తలుపుకు రెండో తాళంలా పనికొస్తుంది. అప్పుడు చూసుకుందాంలే అంటే కుదరదు. పదిహేనేళ్ల తర్వాత పంచనామా సాక్షులు బతికుండాలి, స్వాధీనం చేసుకున్న వస్తువులు చెదలు పట్టకుండా ఉండాలి.

పరిహారం పేరా మొత్తం కొట్టెయ్యి. శిక్ష పడితేనే డబ్బొస్తుందని రాశావు. అదే సంహిత 396వ సెక్షన్ (పాత 357ఏ) ప్రకారం నిందితుడెవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంస్థ రెండు నెలల్లో తన పరిశీలన ముగించాలి. కాబట్టి డబ్బు కోసం రెండో కేసు కావాలన్న వాదన నిలవదు. కేసు లేకపోతే దక్కనిది అప్పీలు హక్కు. నిందితుణ్ణి వదిలేసినా, చిన్న సెక్షన్‌కు దించినా, పరిహారం తక్కువైనా బాధితులు పై కోర్టుకు వెళ్లొచ్చని 413వ సెక్షన్ చెబుతుంది. శిక్ష చాలలేదని మాత్రం దాని కింద వెళ్లలేరు. అసలు అభియోగమే లేకపోతే దేని మీద వెళ్తారు?

పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసు కోసం కోర్టుకు తెప్పించే ఆదేశం, దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? రెండో కేసు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ణి తమ కేసులో హాజరుపరచాలంటే పోలీసులు 302వ సెక్షన్ (పాత 267) కింద కోర్టును అడగాలి. వాడెలాగూ లోపలే ఉన్నాడుగా అని స్టేషన్ బద్ధకిస్తే, మొదటి కేసులో బెయిలొచ్చిన సాయంత్రమే బయటికి నడిచిపోతాడు. వారెంట్ ఇచ్చినా ఎస్కార్టు దొరక్క వాయిదా, ఖైదీకి ఒంట్లో బాగాలేదని జైలు సూపరింటెండెంట్ రాస్తే మరో వాయిదా. ప్రతి వాయిదాకూ బాధితురాలు ఒకరోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కుతుంది. కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు) సంపాదించి ఈ-కోర్టుల సైటులో వాయిదాల వరుస చూడు. ఎన్నిసార్లు ముద్దాయిని తీసుకురాలేదో లెక్క తేలుతుంది. దర్యాప్తు పురోగతిని తొంభై రోజుల్లోగా బాధితులకు తెలపాలని 193వ సెక్షన్ అంటోంది. ఆ కబురు అందిందా అని వాళ్లనే అడుగు.

రెండో కేసు ఎప్పుడూ మేలే చేస్తుందని కూడా రాయకు. ఇంగ్లండ్‌లో లెవీ బెల్‌ఫీల్డ్ అనే హంతకుడికి వేరే హత్యల కేసులో 2008లోనే చచ్చేదాకా విడుదల లేని శిక్ష పడింది. 2002లో హత్యకు గురైన మిల్లీ డౌలర్ అనే బాలిక కేసులో 2011లో అతన్ని మళ్లీ బోనులో నిలబెట్టారు. అతను సాక్ష్యం చెప్పలేదు, నోరు విప్పలేదు. అతని లాయరు మాత్రం మిల్లీ తల్లిదండ్రుల్ని నిలబెట్టి వాళ్ల సొంత బతుకుల్ని నలుగురి ముందూ తవ్వాడు. పడిన శిక్ష అంతకుముందున్నదే. న్యాయం దక్కింది, కానీ దాని ఖరీదు కట్టింది ఆ ఇల్లు.

ఆ కేసులో మన వృత్తి చేసిన పాపం కూడా ఉంది. మిల్లీ అదృశ్యమవడానికి ముందురోజు మరో బాలికను ఎత్తుకెళ్లబోయాడన్న అభియోగం కూడా అదే జ్యూరీ ముందుంది. జ్యూరీ ఇంకా చర్చిస్తుండగానే పత్రికలు బెల్‌ఫీల్డ్ పాత చరిత్రంతా అచ్చేశాయి. జడ్జి జ్యూరీని పంపించేశారు, ఆ అభియోగం తేలకుండానే ఉండిపోయింది. రెండు దినపత్రికలకు 2012లో కోర్టు ధిక్కారం కింద తలా పదివేల పౌండ్ల జరిమానా పడింది. ఆ అమ్మాయికి దాంతో ఒరిగిందేమీ లేదు. మనకు జ్యూరీ లేదనుకుని ధీమాగా ఉండకు; సాక్షులూ పేపరు చదువుతారు.

తెలంగాణలోని హాజీపూర్ పేరా ఉంచు, కానీ కేసులు విడదీసి రాయి. 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక కోసం వెతికితే మొదలైన దర్యాప్తు ముగ్గురు బాలికలపై అత్యాచారం, హత్యల దగ్గర తేలింది. వారిలో ఒక పాప 2015లోనే కనిపించకుండా పోయింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ ప్రత్యేక కోర్టు రెండు కేసుల్లో మరణశిక్ష, ఒకదానిలో యావజ్జీవం వేసింది. నీ లెక్కన మరణశిక్ష తర్వాత యావజ్జీవానికి విలువ సున్నా. నాలుగేళ్లు కూతురు ఎక్కడుందో తెలియని ఇంట్లో నిలబడి ఆ సున్నా రాయగలవా?

ఊరి పేరుతోనే కేసు జనానికి తెలుసు కాబట్టి అది తప్పదు. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటిపేర్లు, బడి, ఫొటో మాత్రం ఒక్కటి కూడా వద్దు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 72, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 23 సెక్షన్లు ఒప్పుకోవు. చనిపోయినవాళ్ల విషయంలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. నీ చిత్తుప్రతిలో మూడో పేజీలో రెండుచోట్ల దొర్లాయి, ఎర్రసిరాతో చుట్టాను. అవి తీసేసి, వాయిదాల లెక్క చేర్చి, ఆదివారంలోగా పంపు.

మీ అన్న