లైవ్ రికార్డింగులు, కొత్త స్టూడియో పాటలు ఒకే ఆల్బంలో పెడితే అతుకు వినబడకుండ ఎట్ల?

ప్రశ్న కుదించి చెప్తే ఇది: హన్మకొండ రాక్ బ్యాండ్, వాయిద్యాల్లో డప్పు కూడా ఉంది. కాలేజీ గ్రౌండ్‌లో చేసిన ప్రోగ్రాం డిజిటల్ మిక్సర్ నుంచి 16 ట్రాకులుగా రికార్డయి ఉంది, అందులో 5 పాటలు పనికొస్తయి. ఇంటి స్టూడియోలో కొత్తవి 4 చేసిండ్రు. వరుసగా వింటుంటే లైవ్ పాట అయిపోంగనే వచ్చే స్టూడియో పాట వేరే బ్యాండ్‌ది లెక్క వినిపిస్తున్నది. ఏం చెయ్యాలె?

ముందుగాల ఒక పని ఆపండి. స్టూడియో పాటల మీద పెద్ద రివర్బ్ (గది ప్రతిధ్వని) వేసి, చప్పట్లు అతికించి లైవ్ లెక్క చెయ్యాలని చూడకండి. వినేటోళ్లు పది సెకన్లలో పట్టుకుంటరు. గ్రౌండ్‌లో ఒక పాట, గదిలో ఒక పాట పాడితే గది తేడా ఎట్లాగూ వినిపిస్తది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. వేరే బ్యాండ్ అనిపించేది గొంతు ఎంత ముందుకున్నది, స్నేర్ (డ్రమ్ సెట్‌లో చురుక్కున మోగే చిన్న డ్రమ్) ఎట్ల మోగుతున్నది, బేస్ ఎంత ఉన్నది, ఈ మూడు మారినప్పుడు. కాబట్టి ఆ మూడింటినీ 9 పాటల్లో ఒక్కతీరుగ తేవాలె. మిగతాది వేరుగ ఉండనియ్యండి.

వరుస సంగతి. పాత ఆల్బంలు చాలావరకు రెండింటినీ విడగొట్టినయి. క్రీమ్ వాళ్ల 'వీల్స్ ఆఫ్ ఫైర్' (1968), పింక్ ఫ్లాయిడ్ 'ఉమ్మగుమ్మ' (1969) రెండూ డబుల్ ఆల్బంలు, ఒక రికార్డు స్టూడియో, ఇంకొకటి లైవ్. జెడ్‌జెడ్ టాప్ 'ఫాండాంగో' (1975)లో ఒక సైడ్ లైవ్, ఇంకో సైడ్ స్టూడియో. రికార్డు తిప్పే ఆ కొద్ది సేపట్లో చెవి పాత గదిని మరిచిపోయేది. ఫోన్‌లో వినేటప్పుడు ఆ విరామం లేదు. యూటూ 'రాటిల్ అండ్ హమ్' (1988) రెండింటినీ కలిపి పేర్చింది. మీకు ఆ దారే సరిపోతది గానీ ఒకటి విడిచి ఒకటి పెట్టకండి, ప్రతి రెండు మూడు నిమిషాలకు గది మారితే అలసట వస్తది. రెండు లైవ్, రెండు స్టూడియో, రెండు లైవ్, ఒక స్టూడియో, ఒక లైవ్, చివరికి ఒక స్టూడియో, ఇట్ల గుంపులుగ పెడితే 9 పాటలకు అతుకులు అయిదే అయితయి. పక్కపక్క పాటలు ఒకే శ్రుతిలో పడకుండ చూసుకోండి. ఎండకు, స్టేజీ లైట్ల వేడికి తీగలు సాగి లైవ్ గిటార్లు పది పదిహేను సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగి ఉంటయి. రెండు పాటలూ ఒకే శ్రుతిలో ఉంటే ఆ తేడాకు రెండోది అపశ్రుతి లెక్క తగులుతది. శ్రుతి వేరైతే ఎవరికీ తెలియది. లైవ్ పాట వేగం స్టూడియో కంటే ఎక్కువుంటది, అది మామూలే. సాగదీసి సరిచెయ్యకండి, సింబల్స్ (డ్రమ్ సెట్ మీది ఇత్తడి తాళాలు) మొదట చెడిపోతయి.

ఇగ ఫైళ్లు. మిక్సర్ 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) మీద రికార్డు చేసి ఉంటది, ఇంటి ప్రాజెక్ట్ 44.1 మీద ఉందేమో చూసుకోండి. 44.1 ఫైలును 48 అనుకొని సాఫ్ట్‌వేర్ తెరిస్తే పాట దాదాపు 9 శాతం వేగంగ, ఒకటిన్నర అర్ధస్వరం పైకి పోతది. గాయకుడి గొంతు చిన్నపిల్లాడి లెక్క వస్తే కారణం ఇదే. మొత్తం ప్రాజెక్ట్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మీద పెట్టి, తేడా ఉన్నవాటిని ముందే మార్చండి. 16 ట్రాకులు గంటకు 8 జీబీ పైన తింటయి. ఫ్యాట్32 కార్డు మీద ఫైలు 4 జీబీకి మించదు కాబట్టి మధ్యల ముక్కలైతయి. ముక్కల మధ్య ఒక్క శాంపిల్ కూడా ఖాళీ రాకుండ అతికించుకున్నంకనే మిక్సింగ్.

జనం చప్పుడు కోసం స్టేజీ కొసలకు మైకులు పెట్టి మిక్సర్‌లోకి తీసుకొని ఉంటే అదృష్టం. లేకుంటే చాలామంది ఫోన్ వీడియో మీదనో, చేతి రికార్డర్ మీదనో పడతరు. వాటితో రెండు చిక్కులు. ఒకటి దూరం. వేడి సాయంత్రం గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతది. పీఏ స్పీకర్‌కు (జనానికి వినిపించే పెద్ద స్పీకర్‌కు) 15 మీటర్ల దూరంలో ఉన్న ఫోన్‌లో స్నేర్ 43 మిల్లీసెకన్లు ఆలస్యంగ పడతది. అట్లనే కలిపితే ప్రతి దెబ్బా డబుల్. ఒకే స్నేర్ దెబ్బను రెండు ట్రాకుల్లోనూ వెతికి, ఫోన్ ట్రాకును అంత ముందుకు (టైమ్‌లైన్ మీద ఎడమకు) జరపండి. రెండోది గడియారం. ఫోన్, మిక్సర్ దేని గడియారం దానిదే. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా 5 నిమిషాల పాటకు 15 మిల్లీసెకన్లు, గంటకు 180 మిల్లీసెకన్లు జారిపోతది. అందుకే గంట మొత్తాన్ని ఒక్కసారి సర్దొద్దు. ఒక్కో పాటను విడిగ కోసి, మొదటి దెబ్బ దగ్గర సర్ది, చివరి దెబ్బ దగ్గర మళ్లీ చూసుకోవాలె. ఫోన్ తన ఇష్టమొచ్చినట్టు వాల్యూమ్ ఎక్కిస్తది, దించుతది కాబట్టి దాన్ని పాట నడుస్తుంటే చాలా తక్కువ, పాటల సందుల్లోనే ఎక్కువ వాడండి. 200 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. నెట్‌లో దొరికే రెడీమేడ్ చప్పట్లు మాత్రం వద్దు. మన దగ్గర జనం ఈలలు కొడతరు, "ఒన్స్ మోర్" అంటరు, సోపతిగాళ్ల పేర్లు పెట్టి అరుస్తరు. విదేశీ స్టేడియం హోరు దాని పక్కన పెడితే నవ్వొస్తది.

లైవ్ మిక్స్‌లో అసలు కష్టం పాడే మైకులోకి వచ్చే డ్రమ్స్. పాడనప్పుడు ఆ ట్రాకును పూర్తిగ కోసేస్తే, పాడిన ప్రతిసారీ సింబల్స్ ఒక్కసారి తెరుచుకొని మళ్లీ మూసుకున్నట్టు వినిపిస్తయి. కోయకండి, 8 నుంచి 10 డీబీ (డెసిబెల్) దించండి చాలు. గేట్ (చప్పుడు తగ్గంగనే ట్రాకును దానంతటదే మూసే ప్లగిన్) పెట్టడం కంటే చేత్తో వాల్యూమ్ గీత గీయడమే మేలు. టామ్ (అప్పుడప్పుడు కొట్టే పక్క డ్రమ్) మైకులు మాత్రం కొట్టినచోట ఉంచి మిగతాది తీసెయ్యవచ్చు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ బలంగ లేకుంటే, స్టూడియో పాటల్లో వాడిన అదే కిక్, స్నేర్ శాంపిళ్లు (ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఒక్కో దెబ్బ) లైవ్ దెబ్బల కింద పావు వంతో మూడో వంతో కలపండి. 9 పాటలకు ఒకే స్నేర్ రావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. శాంపిల్ మొదటి అల అసలు దెబ్బ అల పోయిన దిక్కుకే పోవాలె. ఉల్టా ఉంటే అడుగు పలచబడి, 'కలిపినా ఏం పెరగలేదు' అనిపిస్తది. అక్కడ పోలారిటీ మార్చండి.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ చప్పుడు) గురించి జర ఎక్కువ చెప్పాలె, గ్రౌండ్ ప్రోగ్రాంలలో జనరేటర్, లైట్లు, సౌండ్ ఒకే లైన్ మీద ఉంటయి కాబట్టి. మన కరెంటు 50 హెర్ట్జ్, హమ్ 50, 100, 150, 200 మీద కూర్చుంటది. బేస్ ట్రాకులో 50, 100 దగ్గర నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసే ఫిల్టర్) పెట్టి ఊకుంటరు చాలామంది. బేస్ మీద లావు తీగ మూడో ఫ్రెట్, జీ స్వరం, 49 హెర్ట్జ్. దాని పై ఆక్టేవ్ 98. నాచ్ పెడితే హమ్‌తోపాటు ఆ స్వరం కూడా మాయమైతది. జీలో ఉన్న పాటకు బేస్ మధ్యమధ్య గుంట పడ్డట్టు ఉంటే ఇదే సంగతి. దానికి బదులు, ఆంప్ ఆన్‌లో ఉండి ఎవరూ వాయించని రెండు మూడు సెకన్లు పట్టుకొని, నాయిస్ తగ్గించే ప్లగిన్‌కు నేర్పించి, 6 నుంచి 8 డీబీ మాత్రమే తగ్గించండి. అంతకు మించితే సింబల్స్ నీళ్లలో మోగినట్టు అయితయి. వచ్చేసారి రికార్డు చేసేటప్పుడు డీఐ బాక్స్ (గిటార్‌ను నేరుగ మిక్సర్‌కు కలిపే డబ్బా) మీది గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరు ఎర్త్‌ను విడగొట్టే స్విచ్) వాడండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి, ఒక చేతిలో మైకు, ఒక చేతిలో గిటార్ ఉన్న మనిషి ప్రాణం మీదికి వస్తది.

డప్పు ఉందని రాసిండ్రు, అది వేరే కథ. మంట మీద కాపితే తోలు బిగిసి శ్రుతి పైకి పోతది, చల్లారుతుంటే దిగుతది. గ్రౌండ్‌లో కాపి ఎక్కిన డప్పును, ఏసీ గదిలో కాపకుండ వాయించి రికార్డు చేస్తే రెండూ ఒకటే వాయిద్యం అనిపించవు. స్టూడియో పాటలకు ప్రతి టేక్ ముందర కాపండి. లైవ్ ట్రాకులోంచి ఒక దెబ్బను ఫోన్‌లో పెట్టుకొని దానికి తగ్గట్టు వచ్చిందా అని పోల్చుకోండి, కొన్ని నిమిషాల్లోనే టేక్ పూర్తి చేయండి. ఎస్‌ఎం57 తీరు డైనమిక్ మైకు ఒక జానెడు దూరంలో, తోలు నడిమికి కాకుండ జర పక్కకు చూపించండి. సిర్ర దెబ్బ మీటర్ చూపించేదానికంటే పదునుగ ఉంటది, శిఖరాలు మైనస్ 12 డీబీ దాటకుండ గెయిన్ (మైకు సిగ్నల్ బలం) పెట్టండి. చిటికెన పుల్ల చప్పుడు తక్కువనిపిస్తే గెయిన్ పెంచకండి, మైకును అటు వైపు తిప్పండి.

స్టూడియో పాటలు మరీ ఎండిపోయినట్టుంటే ఒక పాత ఉపాయం ఉంది. పగటి పూట ఖాళీగ ఉన్న పెండ్లిళ్ల ఫంక్షన్ హాల్ అడిగి, ఒక మంచి పీఏ స్పీకర్‌లో డ్రమ్స్, గిటార్లు మాత్రమే (గొంతు లేకుండ) మోగించి, 5, 6 మీటర్ల దూరంలో రెండు మైకులు పెట్టి రికార్డు చేయండి. దాన్ని మిక్స్‌లో నూటికి పది, పదిహేను వంతులు కలిపితే నిజమైన గాలి వస్తది. దీన్ని ముందుకు జరపకండి, ఇక్కడ ఆలస్యమే కావాలె. ఇంకా రికార్డు చెయ్యని పాట ఏదైనా ఉంటే డ్రమ్స్, బేస్, ఒక గిటార్ ఒకే గదిలో కలిసి వాయించి, మిగతావి పైన చేర్చండి. ఒక్కొక్కళ్లు విడిగ వాయించిన పాటకు లైవ్ పక్కన నిలబడే ఊపు రావడం కష్టం.

లైవ్ పాటల్లో తప్పులు మళ్లీ వాయించి దిద్దవచ్చా? బ్యాకింగ్ గొంతులు, కేబుల్ ఊడి పోయిన బేస్ ముక్క, ఇంతవరకు నా లెక్కన సరే. లీడ్ గొంతు మొత్తం మళ్లీ పాడితే మాత్రం పేరు పక్కన లైవ్ అని రాయకండి.

చప్పట్లు ఎక్కడ కోయాలె? మాట్లాడిన ముచ్చట ముందు పాట చివరన పెట్టండి, తర్వాతి పాట మొదట్లో కాదు. లేకుంటే ఆ పాటను ప్లేలిస్ట్‌లో విడిగ విన్నోళ్లకు అర నిమిషం మైకు టెస్టింగ్ వినిపిస్తది. డ్రమ్మర్ పుల్లల "వన్, టూ, త్రీ" మాత్రం తర్వాతి పాటదే. రెండు లైవ్ పాటల మధ్య చప్పట్లను 3, 4 సెకన్లు ఒకదాని మీదికి ఒకటి కరిగించండి, ఎవరి కేక సగంలో తెగకుండ చూసి. లైవ్ నుంచి స్టూడియోకు పోయేటప్పుడు చప్పట్లు 5, 6 సెకన్లు మెల్లగ దించి, ఒక సెకను పూర్తి నిశ్శబ్దం ఇవ్వండి. ఆ ఒక్క సెకనే రికార్డు తిప్పినంత పని చేస్తది. 9 పాటలూ ఒకే టైమ్‌లైన్ మీద పేర్చి, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి సర్దుబాటు) అయినంకనే ముక్కలు కోయండి. విడివిడిగ మాస్టర్ చేస్తే అతుకు దగ్గర చప్పట్లు ఒక్కసారి ఎగురుతయి. సీడీ కూడా చేసేటట్టుంటే కోత 588 శాంపిళ్ల గుణిజం మీద పడాలె (44.1 మీద సెకనుకు 75 ఫ్రేములు), లేకుంటే సందులో టిక్కుమంటది.

వాల్యూమ్. స్పాటిఫై, యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే వాల్యూమ్ కొలత) దగ్గర, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గర సర్దుతయి. అట్లని ప్రతి పాటనూ మైనస్ 14కు తేకండి. స్పాటిఫై ఆల్బం మొత్తం వరుసగ వినేటప్పుడు పాటల మధ్య తేడాను అట్లనే ఉంచుతది. ఒక పాట చివరి 20 సెకన్లు, తర్వాతి పాట మొదట గొంతు వచ్చే 20 సెకన్లు, తక్కువ వాల్యూమ్‌లో వెంటవెంట వినండి. గొంతు సమానంగ ఉంటే సరిపోయినట్టే, లైవ్ పాట మీటర్ మీద ఒక డీబీ తక్కువ చూపించినా పట్టించుకోకండి. చప్పట్ల శిఖరాలు పదునుగ ఉండి లిమిటర్‌ను (శిఖరాలను నొక్కిపట్టే ప్లగిన్‌ను) లాగుతయి, లిమిటర్ కంటే ముందే వాటిని 6 డీబీ దాకా దించండి. ట్రూ పీక్ (అల చేరే అసలు శిఖరం) మైనస్ 1 డీబీ దాటొద్దు.

విడుదల కాగితాలు. ఒకే పాట లైవ్‌ది, స్టూడియోది రెండూ ఉంటే రెండింటికీ వేర్వేరు ఐఎస్‌ఆర్‌సీ నంబర్లు (రికార్డింగ్ గుర్తింపు నంబర్లు) కావాలె, చాలా డిస్ట్రిబ్యూటర్లు ఉచితంగనే ఇస్తరు. ప్రోగ్రాంలో పాడిన సినిమా పాటలను ఆల్బంలో పెట్టుడు నేను వద్దంట. నిర్వాహకులు ఆ రోజుకు తీసుకున్న పబ్లిక్ పర్ఫార్మెన్స్ లైసెన్స్ రికార్డింగ్ విడుదలకు పనికిరాదు. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కింద కవర్ చెయ్యాలంటే మొదటి రికార్డింగ్ చేసిన సంవత్సరం ముగిసినంక 5 క్యాలెండర్ సంవత్సరాలు గడవాలె, పైగా ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలె. చిన్న బ్యాండ్‌కు అది అయ్యే పని కాదు.

అదే చట్టంలో 38ఎ ప్రకారం కళాకారుల ప్రదర్శనను రికార్డు చేసే హక్కు కళాకారులది. ఆ రోజు స్టేజీ ఎక్కిన గెస్ట్ గాయకులు, డప్పు కొట్టినోళ్లు, అందరి దగ్గర రాతపూర్వకంగ ఒప్పుదల తీసుకోండి. మిక్సర్ మీద రికార్డు చేసిన సౌండ్ ఆయనతోటి, కాలేజీతోటి ఆ ఫైళ్లు ఎవరివో కూడా రాయించుకోండి. ఇది మిక్సింగ్ మొదలుపెట్టక ముందే చెయ్యాలె. మాస్టరింగ్ అయినంక ఎవరో ఒకరు వద్దంటే ఆ పాట వరుసలోంచి పోతది, అటూ ఇటూ ఉన్న రెండు అతుకులూ మళ్లీ మొదటి నుంచి.