మీరడిగారు: బర్మింగ్‌హామ్ రిపోర్టు, పర్లాకిమిడి మందుల చీటీ

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. నాకు 34 ఏళ్లు. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో ఉన్నాం. మామయ్యగారికి పక్షవాతం రావడంతో ఐదు నెలల కిందట పర్లాకిమిడి వచ్చేశాం. నాకు థైరాయిడ్ తక్కువ. అక్కడ ఆరేళ్లుగా రోజూ 100 మాత్ర వేసుకునేదాన్ని, ఏడాదికోసారి రక్తపరీక్ష చేసేవారు, మందు కూడా ఫ్రీ. తెచ్చుకున్న మాత్రలు అయిపోవస్తుంటే ఇక్కడ ఒక డాక్టరుగారి దగ్గరకి వెళ్లాను. ఆయన పాత రిపోర్టు చూసి ‘టీ4 16 ఉందమ్మా, రెండు దాటకూడదు, డోసు బాగా ఎక్కువైపోయింది’ అని 50కి తగ్గించారు. ఏడు వారాలైంది. పొద్దున్న మంచం దిగలేకపోతున్నాను, జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది, మొన్న చేయిస్తే టీఎస్‌హెచ్ 9.4 వచ్చింది. అత్తయ్య బరంపురం అంటారు, మా అన్నయ్య విశాఖ రమ్మంటాడు, మా ఆయన భువనేశ్వర్‌లో పెద్ద డాక్టరు అంటున్నారు. ఒకటే టెన్షన్. రెండు రిపోర్టులూ జత చేస్తున్నాను. ఎవరి దగ్గరకి వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ఊరి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 16 సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే మీ కష్టమంతా అక్కడే మొదలైంది. టీ4 అంటే థైరాయిడ్ హార్మోను, అందులో రక్తంలో విడిగా తిరిగేదాన్ని ‘ఫ్రీ టీ4’ అంటారు. ఇంగ్లండులో దాన్ని లీటరుకి ఇన్ని పైకోమోల్స్ అని ఇస్తారు. మన ల్యాబుల్లో ఎక్కువగా డెసిలీటరుకి ఇన్ని నానోగ్రాములు అని ఇస్తారు. అక్కడి అంకెని 12.87తో భాగిస్తే ఇక్కడి అంకె వస్తుంది. మీ 16ని అలా భాగిస్తే 1.24, అంటే నిక్షేపంగా నార్మల్. మీ పాత రిపోర్టులో ఆ 16 పక్కనే 12–22 అని హద్దు కూడా అచ్చయి ఉంది. పైగా టీఎస్‌హెచ్‌కి, అంటే థైరాయిడ్‌ని పనిచేయమని తరిమే హార్మోనుకి (మందు చాలకపోతే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది), ఈ బాధ లేదు, యూనిట్ పేరు వేరేగా కనిపించినా అక్కడి అంకె, ఇక్కడి అంకె ఒకటే. మీకు అప్పుడు టీఎస్‌హెచ్ 2.1. మందు నిజంగా ఎక్కువై ఉంటే అది బాగా పడిపోయి ఉండేది. మీ డోసు సరిగ్గానే ఉండేది, సగం చేశారు, ఇప్పుడు 9.4 అయింది. మీ నీరసానికి దాదాపుగా కారణం ఇదే. మీరు ఏ తప్పూ చేయలేదు, ఇంట్లో ఎవరైనా ‘పనికి అలవాటు లేక’ అంటుంటే ఈ పేజీ చూపించండి.

ఇక ఎవరి దగ్గరకి అంటే, నా మాట కొంచెం వింతగా ఉండొచ్చు, మొదట ఆ డాక్టరుగారి దగ్గరకే మళ్లీ వెళ్లండి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, యూనిట్ దగ్గర వేలు పెట్టి చూపించి, ‘ఇది పైకోమోల్ లెక్క కదండీ, ఒకసారి చూస్తారా’ అని అడగండి. రోజుకి వంద మందిని చూసే చోట ఇలాంటి పొరపాటు జరుగుతుంది. చూసి, ఒప్పుకొని, డోసు సరిచేసి, ఎనిమిది వారాలకి మళ్లీ రమ్మన్నారంటే ఆయనే మీ డాక్టరు, ఇంకెక్కడికీ పరుగెత్తక్కర్లేదు. కాగితం చూడకుండానే విసుక్కున్నారంటే మాత్రం మర్యాదగా లేచి వచ్చేయండి. డోసు విషయం ఈ వారంలోనే తేల్చుకోండి, అప్పటిదాకా ఉన్న 50ని మాత్రం మానొద్దు.

ఆయన దగ్గరకే మళ్లీ ఎందుకన్నానంటే, మీలాంటి మామూలు హైపోథైరాయిడ్‌కి (థైరాయిడ్ తక్కువకి) ఎండోక్రైనాలజిస్టే, అంటే హార్మోన్ల స్పెషలిస్టే కావాలని లేదమ్మా. ఎండీ జనరల్ మెడిసిన్ చదివిన ఫిజీషియన్ చక్కగా చూసుకోగలరు, ఇంగ్లండులో ఆరేళ్లూ మిమ్మల్ని చూసింది కూడా స్పెషలిస్టు కాదు, మామూలు జీపీయే, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరే కదా. మీకు కావలసింది పేరున్న డాక్టరు కాదు, ఏడాదికి రెండుసార్లయినా మీరు కలవగలిగే డాక్టరు. మంచాన ఉన్న మామయ్యగారిని వదిలి భువనేశ్వర్ ఎన్నిసార్లు వెళ్తారు? మొదటిసారి వెళ్తారు, రెండోసారి వాయిదా వేస్తారు, మూడోసారికి మందుల షాపులో పాత చీటీ చూపించి సీసా కొనుక్కుంటారు. నా దగ్గరకి వచ్చే థైరాయిడ్ వాళ్లలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఆ డాక్టరుగారు వినకపోతే, పాతపట్నం దాటితే శ్రీకాకుళం ఉంది, అక్కడ తెలుగులో మాట్లాడుకోవచ్చు. చీటీ ఎక్కడైనా ఇంగ్లిషులోనే రాస్తారు కానీ, ఒళ్లు బరువు, మలబద్ధకం, నెలసరి తేడా ఇవన్నీ మన భాషలో చెప్పుకున్నంత వివరంగా రాని భాషలో చెప్పలేం, కాబట్టి అది చిన్న విషయం కాదు.

పెద్ద డాక్టరు అవసరమయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి. క్యాన్సర్‌కి థైరాయిడ్ గ్రంథి తీసేసినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వల్ల సమస్య వచ్చినవాళ్లు, మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ కుదురుకోనివాళ్లు, వీళ్లు తప్పకుండా వెళ్లాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు కూడా, ఆ ఆలోచన మీకుంటే డాక్టరుకి ముందే చెప్పండి, గర్భం వచ్చిందని తెలిసిన రోజే డోసు పావు వంతో ఇంకొంచెం ఎక్కువో పెంచాల్సి రావచ్చు, ఆలస్యం పనికిరాదు. అలాంటప్పుడు విశాఖ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. బోర్డు మీద ‘థైరాయిడ్ స్పెషలిస్ట్’ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, పేరు పక్కన డీఎం ఎండోక్రైనాలజీ అనో డీఎన్‌బీ ఎండోక్రైనాలజీ అనో ఉందా చూడండి.

పరీక్ష గురించి ఒకటి అడగాలి. జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? చాలామంది వాడతారు, డాక్టరుకి చెప్పరు. బయోటిన్ కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది, అంటే మందు చాలని మనిషికి మందు ఎక్కువైనట్టు రిపోర్టు వస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి. ప్రతిసారీ ఒకే ల్యాబు, ఒకే వేళ, ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి, ఈ హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, కొత్త డోసుకి ఒళ్లు కుదురుకోవాలంటే ఆమాత్రం సమయం కావాలి. రెండు వారాలకే పరీక్ష చేసి డోసు మార్చేస్తే పైకీ కిందకీ ఊగుతూనే ఉంటారు.

మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దు. ఐరన్, కాల్షియం ఉంటే నాలుగు గంటల ఎడం. అక్కడ అట్టల్లో వచ్చేవి, ఇక్కడ థైరోనార్మ్ లాంటివి సీసాల్లో వస్తాయి, వానాకాలం మూత బిగించి వంటింటికి దూరంగా పెట్టండి. ఒక కంపెనీది మొదలుపెడితే అదే కొనండి, షాపులో వేరేది ఇచ్చారంటే డాక్టరుకి చెప్పండి.

బర్మింగ్‌హామ్‌లో మీ జీపీ క్లినిక్‌కి ఒక మెయిల్ రాసి ఆరేళ్ల రక్తపరీక్షలు, మొదట జబ్బు కనిపెట్టినప్పటి రిపోర్టుతో సహా అడగండి. మీ రికార్డు అడిగే హక్కు మీకుంది, మామూలుగా నెలలోపు ఇవ్వాలి, డబ్బు తీసుకోరు. డాక్టరుకి ఆ కాగితాలు ఇచ్చేటప్పుడు పైకోమోల్ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గీయండి.

ప్రశ్న: మా పాప చదువుకి కెనడా వెళ్తోంది. రోజూ థైరాయిడ్ 75 వాడుతుంది. ఏడాదికి సరిపడా మాత్రలు పంపొచ్చా?
– ఒక తండ్రి, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఏడాదికి కుదరదండీ. సొంత వాడకానికి 90 రోజులకి సరిపడానే తీసుకెళ్లనిస్తారు. సీసా మీది లేబుల్ చింపకుండా, చేతి బ్యాగులో పెట్టించండి. ఇంగ్లిషు చీటీలో కంపెనీ పేరు ఒక్కటే కాకుండా లీవోథైరాక్సిన్ సోడియం 75 మైక్రోగ్రాములు అని డాక్టరుతో రాయించండి. అక్కడ చీటీ లేనిదే ఈ మందు ఇవ్వరు, ఫ్యామిలీ డాక్టరు దొరకడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి మూడో నెల దాకా ఆగకుండా దిగిన మొదటి నెలలోనే కాలేజీ హెల్త్ సెంటరులోనో వాక్-ఇన్ క్లినిక్‌లోనో చూపించుకోమనండి. అక్కడా టీ4 పైకోమోల్స్‌లోనే వస్తుంది, పాప సెలవులకి వచ్చి ఆ రిపోర్టు ఇక్కడ చూపించేటప్పుడు పైన రాసింది గుర్తుంచుకోండి.