రెండు విమాన సంస్థలు కలిసేటప్పుడు ఫ్లైట్లు ఎందుకు రద్దవుతాయి?

విమానాలు ఉంటాయి, టికెట్లు కొన్నవాళ్లూ ఉంటారు. కుదరనిది సిబ్బంది లెక్క. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు, 2024 ఏప్రిల్‌లో విస్తారా విమాన సంస్థకు జరిగింది ఇదే. కొత్త కాంట్రాక్టులో పైలట్లకు నెలకు గ్యారంటీగా జీతమిచ్చే ఫ్లయింగ్ గంటలను 70 నుంచి 40కి తగ్గించారు. కో-పైలట్లకు గట్టి దెబ్బ తగిలింది. చాలామంది సిక్ లీవ్ పెట్టారు. చివరికి సంస్థే రోజుకు 25-30 ఫ్లైట్లు తగ్గించుకుంది.

కొందరు రాకపోతేనే ఇంత గందరగోళమా అంటే, అవును. రోస్టర్, అంటే ఎవరు ఏ ఫ్లైట్‌లో పనిచేయాలన్న డ్యూటీ పట్టిక, అప్పటికే బిగుతుగా ఉంది. పొద్దున ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఫ్లైట్ మూడు గంటలు లేటయిందనుకోండి. అదే పైలట్ సాయంత్రం ముంబై వెళ్లాలి, కానీ ఆలోపు డ్యూటీ గంటల పరిమితి దాటిపోతుంది. ఇక ఎక్కడానికి వీల్లేదు. స్టాండ్‌బైలో ఎవరూ లేకపోతే ముంబై ఫ్లైట్ రద్దు, ఆ విమానం అక్కడి నుంచి చేయాల్సిన ట్రిప్పు కూడా రద్దు. పైగా ఎయిర్‌బస్ పైలట్‌ను బోయింగ్‌లో కూర్చోబెట్టలేరు.

మరుసటి నెలలోనే, ఏఐఎక్స్ కనెక్ట్ (పాత ఎయిర్ ఏషియా ఇండియా) తనలో విలీనమవుతుండగా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సెలవు పెట్టారు. గల్ఫ్‌లో పనికి తిరిగి వెళ్లాల్సినవాళ్లు కేరళ ఎయిర్‌పోర్టుల్లో సామాన్లతో నిలబడిపోయారు. నా దృష్టిలో తప్పు సిబ్బందిది కాదు. జీతం, సీనియారిటీ సంగతి ముందే తేల్చకుండా విలీనం మొదలుపెట్టడమే తప్పు.

మీ ఫ్లైట్ రద్దయితే పూర్తి రీఫండా, వేరే ఫ్లైటా అన్నది మీ ఇష్టమే. వోచర్ ఇస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు.