వారంటీలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ దారిలో ఆగిపోతోంది, సర్వీస్ సెంటర్ డబ్బు అడుగుతోంది. ఏం చేయాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: స్కూటర్ కొని ఏడాది దాటింది, మూడేళ్ల వారంటీ ఉంది. ఎండలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపాగి ఆన్ చేస్తే మళ్లీ నడుస్తుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట ‘మా దగ్గర బాగానే నడుస్తోంది సార్’ అన్నారు. ఇప్పుడేమో కంట్రోలర్‌లోకి (మోటర్‌కి వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) నీళ్లు వెళ్లాయి, వారంటీ రాదు, డబ్బు కట్టమంటున్నారు.

డబ్బు కట్టకండి. బయట మెకానిక్ చేత విప్పించకండి కూడా. నీళ్లు వెళ్లాయని ఎలా తేల్చారో, ఏ షరతు కింద వారంటీ కాదంటున్నారో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఈ ఒక్క మాటతో సర్వీస్ అడ్వైజర్ గొంతు మారిపోవడం నేను కళ్లారా చూశాను. నోటితో ఎన్నయినా చెబుతారు, సంతకం పెట్టమంటేనే ‘ఒక్క నిమిషం సార్, మేనేజర్‌ని అడిగి వస్తా’ అంటారు.

నాదీ ఇలాంటి గొడవే. ఉండేది మంగళగిరి, ఉద్యోగం బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర. రోజూ వారధి దాటాలి. కంపెనీ పేరు రాయను. రాస్తే కింద ఆ కంపెనీ అభిమానులూ పెట్రోలు బండ్ల అభిమానులూ కొట్టుకుంటారు, మీ ప్రశ్న గాలికి పోతుంది. మే నెల ఎండలో వారధి మీద బండి ఊపు తగ్గిపోయి ఆగింది. వెనక లారీల హారన్లు. రెయిలింగ్ పక్కకి నెట్టుకుని నిలబడితే, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కుర్రాడు వీధి చివరిదాకా ఓ చుట్టు వేసి వచ్చి ‘సూపర్‌గా ఉంది సార్’ అన్నాడు. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే పిల్లల్లా ఉంటాయి ఈ బండ్లు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం’ అని పంపించేశారు. బండి ఆగినా అప్‌డేటే, రేంజ్ తగ్గినా అప్‌డేటే, హారన్ మోగకపోయినా అప్‌డేటే.

ఇంటికొచ్చి జాబ్ కార్డ్ (మన ఫిర్యాదు, వాళ్లు చేసిన పని రాసిచ్చే కాగితం) చూస్తే ‘జనరల్ చెకప్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని మాత్రమే ఉంది. అంటే కంపెనీ రికార్డుల ప్రకారం నా బండి ఏనాడూ ఆగలేదు! వారంటీ పంచాయితీ అంతా ఇక్కడే ఉంది. రేపు మీ మాటకీ వాళ్ల మాటకీ తేడా వస్తే సాక్ష్యం చెప్పేది ఆ కార్డే. అందుకని ఫిర్యాదు గడిలో మీ మాటలే రాయించండి: ‘నడుస్తుండగా మోటర్ ఆగిపోతోంది, డిస్‌ప్లే వెలిగే ఉంటోంది, కాసేపటికి మళ్లీ పనిచేస్తోంది, ఇంతకుముందు కూడా ఇదే సమస్యతో వచ్చాను’. ఆ చివరి ముక్క తప్పనిసరి. ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని రుజువయ్యేది దానితోనే. ‘సిస్టంలో ఉన్న లిస్టులోంచే ఎంచాలి సార్, టైపు చేయడం కుదరదు’ అంటారు. అయితే ప్రింటు మీద పెన్నుతో రాసి, పక్కన వాళ్ల చేత సంతకం పెట్టించండి. ఫోటో తీసి అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ చేయండి. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడినా అది గాల్లో కలిసిపోతుంది, మెయిల్ మిగులుతుంది.

ఇక లోపం సంగతి. సర్వీస్ సెంటర్‌లో కనబడని లోపాన్ని అది కనబడినప్పుడే పట్టుకోవాలి. ఆ పని మీరు తప్ప ఎవరూ చేయలేరు. బండి ఆగగానే పక్కకి తీసి, స్విచ్ ఆఫ్ చేయకముందే ఫోన్లో వీడియో తీయండి. డిస్‌ప్లే, దాని మీది ఎర్ర గుర్తు లేదా ఎర్రర్ కోడ్, బ్యాటరీ శాతం, కిలోమీటర్ల రీడింగ్, యాక్సిలరేటర్ తిప్పినా కదలకపోవడం, అన్నీ ఒకే వీడియోలో రావాలి. చాలామంది కంగారులో ముందు ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, దాంతో డిస్‌ప్లే మీది కోడ్ చెరిగిపోతుంది.

ఆ వీడియో తీస్తూ కొన్ని గమనిస్తే లోపం ఎటువైపు ఉందో మీకే తెలుస్తుంది. డిస్‌ప్లే, లైట్లు వెలుగుతూనే ఉండి మోటర్ ఒక్కటే చచ్చిపోతే, చాలావరకు బ్యాటరీ నుంచి కరెంటు వస్తున్నట్టే లెక్క. అప్పుడు అనుమానించాల్సింది కంట్రోలర్, యాక్సిలరేటర్, సైడ్ స్టాండ్ స్విచ్, బ్రేక్ లివర్ స్విచ్‌లను. బ్రేక్ నొక్కకుండానే వెనక బ్రేక్ లైటు వెలుగుతుందేమో చూడండి. వెలుగుతుంటే లివర్ స్విచ్ ఇరుక్కుంది, బండి తనకు బ్రేక్ వేశారనుకుని మోటర్‌ని ఆపేస్తోంది. సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద చేరినా అంతే. ఇవి చిన్న పార్టులు. వీటి కోసం కంట్రోలర్ మార్చి బిల్లు వేసిన సందర్భాలు కూడా తెలుసు నాకు.

అలా కాక డిస్‌ప్లేతో సహా మొత్తం ఆరిపోతే బ్యాటరీ వైపు చూడాలి. లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) సరఫరా తెంచేసి ఉండొచ్చు, మెయిన్ ఫ్యూజో కనెక్టరో వదులై ఉండొచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు శాతం నలభై నుంచి పదిహేనుకి దభాలున పడిపోయి, ఆగాక మళ్లీ పైకి లేస్తే, ప్యాక్‌లో కొన్ని సెల్స్ బలహీనపడ్డాయన్న అనుమానం గట్టిది. బీఎంఎస్ ప్యాక్ మొత్తం వోల్టేజీ ఒక్కటే చూడదు. ఒక్క గ్రూపు సెల్స్ కనీస వోల్టేజీ కంటే దిగినా తెంచేస్తుంది. ఇంట్లో ఖాళీగా నిలబెట్టి చూస్తే అంతా బాగానే కనబడుతుంది, లోడ్ పడితేనే బయటపడుతుంది. ఇంకొకటి: బండి పూర్తిగా ఆఫ్‌లో ఉన్నా నెడుతుంటే చక్రం పట్టేసినట్టు, కుదుపులతో తిరిగితే కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్‌లు (కరెంటును ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలి షార్ట్ అయి ఉండొచ్చు. అలాంటి బండిని స్నేహితుడి బైక్ మీంచి కాలుతో నెట్టించుకుని రావద్దు. తిరిగే మోటర్ కూడా కరెంటు పుట్టిస్తుంది, ఉన్న నష్టం పెరుగుతుంది. ట్రాలీ ఆటో మాట్లాడుకోండి, లేదా వారంటీతో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇచ్చారేమో చూడండి. అది ఉన్న సంగతే చాలామందికి గుర్తుండదు.

మీ బండి లక్షణాలు చూస్తే నీళ్ల కథ నాకు అతకడం లేదు. నీళ్లు వెళ్లిన బండి మామూలుగా వానలోనో, కడిగిన మర్నాడో మొరాయిస్తుంది. ఎండలో ఎత్తెక్కేటప్పుడు ఆగి, చల్లారగానే నడిచేదంటే వేడి రక్షణ పనిచేస్తోందనో, ఎక్కడో కాంటాక్ట్ సరిగా లేక వేడెక్కుతోందనో ముందు చూడాలి. నీళ్లే కారణమంటే తుప్పు పట్టిన చోటు, తడి మరక ఫోటో తీసి ఇమ్మనండి. బ్రోచర్ కూడా తీయండి. కంట్రోలర్‌కి ఐపీ67 అని అచ్చేశారా? ఆ రేటింగ్ అర్థం ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరకూడదని. అలాంటిది వానలో తిరిగినందుకే పాడైందంటే తప్పు వానది కాదు. కానీ ప్రెషర్ వాషర్‌తో కడిగించి ఉంటే కంపెనీకి వాదన దొరుకుతుంది, ఐపీ67 పరీక్షలో ఆ ధార ఉండదు. చాలా వారంటీ పుస్తకాల్లో ప్రెషర్ వాష్, బయటి చార్జర్, బయట రిపేరు, సమయానికి చేయించని పెయిడ్ సర్వీస్ అనే నాలుగూ వారంటీ పోయే కారణాలుగా విడిగా రాసి ఉంటాయి. టైర్లు, బ్రేక్ షూల వంటి అరిగే వస్తువుల మీద వాదన పెట్టుకోకండి.

వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆఫీసులో కొందరు బండ్లు పట్టుకుని వారంటీ కోసం తిరిగారు. అది ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్‌లో (మన బండికి జరిగిన నష్టానికి ఇచ్చేది) తేలాల్సిన విషయం. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లకి అందులోనూ ఏమీ రాదు.

నా బండి చివరికి ఎలా తేలిందంటే: చాలా కొత్త మోడల్ స్కూటర్లలో సిమ్ ఉంటుంది, బండి సమాచారం కంపెనీ సర్వర్‌కి వెళ్తూ ఉంటుంది. నేను వీడియో జతచేసి, ‘ఫలానా తేదీ, ఫలానా సమయానికి నా బండి పంపిన ఫాల్ట్ కోడ్ ఏమిటో లాగ్ చూసి చెప్పండి’ అని మెయిల్ పెట్టాను. డీలర్‌ని పక్కనపెట్టి ఏరియా సర్వీస్ మేనేజర్ నేరుగా ఫోన్ చేశాడు. టెస్ట్ రైడ్ సర్వీస్ సెంటర్ చుట్టూ కాదు, మిట్టమధ్యాహ్నం వారధి మీద, నేను వెనక కూర్చుని అని పట్టుబట్టాను. టెక్నీషియన్ కుర్రాడు ‘ఎండలో ఎందుకు సార్’ అని గొణిగాడు గానీ వచ్చాడు. ఇద్దరి బరువుతో ఎత్తు ఎక్కగానే బండి ఆగింది. నా జన్మలో బండి ఆగినందుకు సంతోషించింది అప్పుడే. అక్కడే ల్యాప్‌టాప్ పెట్టి కోడ్ తీశాడు. విప్పి చూస్తే కంట్రోలర్ నుంచి మోటర్‌కి వెళ్లే కనెక్టర్‌లో ఒక పిన్ను కాలి నల్లబడి ఉంది. కంట్రోలర్, వైరింగ్ రెండూ వారంటీలోనే మార్చారు. పార్ట్ రావడానికి మాత్రం వానాకాలం వచ్చేసింది. అన్నాళ్లూ నాకు సిటీ బస్సే గతి.

మీ దగ్గర అలా తేలకపోతే మెట్లు ఇవి. డీలర్‌కి, కంపెనీకి ఒకే మెయిల్‌లో గడువు పెట్టి రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. కానీ ఫిర్యాదులు పోగుపడితే ఊరికే పోవు: 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలా ఎలక్ట్రిక్‌కి షోకాజ్ నోటీసు ఇచ్చింది ఈ హెల్ప్‌లైన్‌కి వచ్చిన పదివేలకు పైగా ఫిర్యాదుల ఆధారంగానే. వాటిలో దాదాపు అన్నీ పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. (నా బండి ఆ కంపెనీది కాదు.) ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. డీలర్‌నీ తయారీదారునీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేదంటే ఒకరు ఇంకొకరి మీదకి తోసేస్తారు. అవసరమైతే బండిని ల్యాబ్ పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది. అందుకే ఈలోగా బయట విప్పించవద్దన్నది. సీలు ఊడిన కంట్రోలర్ మీద ఏ పరీక్ష చేసినా ‘మీరే పాడుచేశారు’ అనే మాట వస్తుంది.

బ్యాటరీ అయితే వారంటీ గొడవ పక్కనపెట్టినా సరే విప్పకండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాది దేశంలో వరసగా జరిగిన ప్రమాదాల తర్వాతే ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు, 2023 మార్చి నుంచి రెండు విడతల్లో అమలు చేశారు. మీ బండి ఆ తర్వాత తయారైందైనా, చార్జింగ్ మాత్రం పడగ్గదిలో వద్దు.

బండి సర్వీస్ సెంటర్‌లో వదిలేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. పార్ట్ కోసం నెలల తరబడి అక్కడే పడి ఉంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. లిథియం ప్యాక్ అలా దిగిపోయి ఉండిపోతే దెబ్బతింటుంది, అప్పుడు ‘కస్టమర్ చార్జ్ చేయలేదు’ అనే కొత్త కారణం పుడుతుంది. ఇచ్చే రోజు బ్యాటరీ శాతం ఎంతుందో జాబ్ కార్డ్ మీద రాయించి, డిస్‌ప్లే ఫోటో తీసుకోండి. మధ్యలో ఓసారి వెళ్లి చార్జ్ పెట్టారో లేదో చూడండి. బండి షెడ్‌లో ఉందని లోన్ ఈఎంఐ ఆపకండి. బ్యాంకుకీ ఈ గొడవకీ సంబంధం లేదు, పోయేది మీ సిబిల్ స్కోరే.

పార్ట్ వచ్చి మార్చాక పాతది చూపించమనండి. కొత్తదాని సీరియల్ నంబరు కార్డ్ మీద ఎక్కించాకే డెలివరీ సంతకం పెట్టండి. మార్చిన పార్ట్‌కి విడిగా వారంటీ ఉందా, పాత వారంటీలో మిగిలిన కాలమేనా అన్నది కూడా అప్పుడే అడిగి రాయించుకోండి, చాలా కంపెనీలు మిగిలిన కాలానికే ఇస్తాయి.