సిగరెట్టు కాలిస్తే బుర్ర చురుకవుతుందా?

ప్రశ్న: రాత్రి షిఫ్టులో పనిచేస్తాను. ఒక సిగరెట్టు కాల్చగానే బుర్ర చురుగ్గా పనిచేస్తున్నట్టు ఉంటుంది. నికోటిన్ మెదడు కణాలకు శక్తినిస్తుందనీ, చెడంతా పొగలోనే ఉందనీ మిత్రులు అంటున్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నికోటిన్ కణానికి శక్తినివ్వదు, ఉన్న శక్తిని ఖర్చు పెట్టిస్తుంది. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా, శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం నాడీకణాలు సంకేతాలు పంపడానికీ, పంపాక తిరిగి యథాస్థితికి రావడానికీ సరిపోతుంది.

పొగతో పీల్చిన నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరి, ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం కోసం నాడీకణాలపై ఏర్పడిన గ్రాహకాలను (సంకేతాలు అందుకునే ప్రొటీన్లను) పట్టుకుంటుంది. అప్పుడు సోడియం, కొంత కాల్షియం కణంలోకి చొరబడతాయి. ఆ సోడియాన్ని బయటకు తోడే పంపు ప్రతి విడతకూ ఒక ఏటీపీ (కణాలు ఇంధనంలా వాడుకునే రసాయనం) అణువును ఖర్చు చేసి, 3 సోడియం అయాన్లను బయటకు పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఖర్చయిన ఏటీపీని మళ్లీ తయారు చేసుకోవడానికి కణానికి అదనంగా గ్లూకోజు, ఆక్సిజన్ కావాలి. ఎలుకలకు నికోటిన్ ఇచ్చినప్పుడు థలమస్ వంటి మెదడు భాగాల్లో గ్లూకోజు వాడకం పెరిగింది. అయితే మనుషులకు నికోటిన్‌ను రక్తనాళంలోకి ఎక్కించి పెట్ స్కాన్ (మెదడు గ్లూకోజు వాడకాన్ని చూపే చిత్రం) తీసిన ఒక చిన్న అధ్యయనంలో మొత్తం మీద ఆ వాడకం తగ్గింది. కాబట్టి మెదడంతా వేగం పుంజుకుంటుందనుకోవడం సరికాదు.

మరి మీకు కలిగే చురుకుదనం మాటేమిటి? ఏకాగ్రత స్వల్పంగా పెరగడం కొంతవరకు నిజమే. కానీ అలవాటు పడినవారిలో అది ఎక్కువగా లోటు తీరిన ఊరటే. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకు సగానికి పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది, తరువాతి సిగరెట్టు మిమ్మల్ని మామూలు స్థితికి తెస్తుంది. పైగా నిత్యం తాగేవారి మెదడులో ఆ గ్రాహకాల సంఖ్య పెరిగిపోతుంది.

మీ మిత్రుల మాటలో సగం సత్యముంది. క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగలోని ఇతర పదార్థాలే. వ్యసనానికి మూలం మాత్రం నికోటినే. ఇక కణం ఆక్సిజన్ కోరే వేళకే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది.

మానేస్తే పెరిగిన గ్రాహకాలు 6 నుంచి 12 వారాల్లో సాధారణ స్థాయికి వస్తాయి. మొదటి కొద్ది రోజులు ఎక్కువ కష్టం. నికోటిన్ గమ్ లేదా ప్యాచ్ గురించి వైద్యుణ్ని అడగండి. రాత్రి షిఫ్టు అంటున్నారు కనుక మరో మాట: పొగ కాలేయంలో కెఫీన్ విచ్ఛిన్నతను వేగవంతం చేస్తుంది. మానేశాక అదే కాఫీ రక్తంలో ఎక్కువసేపు నిలిచి గుండెదడ, నిద్రలేమి తెస్తుంది. ఆ రోజుల్లో కప్పులు సగానికి తగ్గించండి.